నాన్నగారి ఫోల్డర్లు మూసినచోటే తెరుచుకోవాలి: ప్రాజెక్టు డైరీ

ఆగస్టు 2

నాన్నగారి పాత కంప్యూటర్ పోయిన వారం ఆగిపోయింది. విప్పి చూస్తే మదర్‌బోర్డు మీద నాలుగు కెపాసిటర్లు ఉబ్బి ఉన్నాయి, ఒకటి పగిలి గోధుమరంగు మరక కారింది. 2007లో కొన్నది, విండోస్ ఎక్స్‌పీతోనే ఇన్నాళ్లూ నడిచింది. 2014 ఏప్రిల్ 8తో ఎక్స్‌పీకి అప్‌డేట్లు ఆగిపోయాయి కానీ, ఆయన దాన్ని ఏనాడూ ఇంటర్నెట్‌కు కలపలేదు. నా దగ్గర ఖాళీగా ఉన్న విండోస్ 10 కంప్యూటర్ తెచ్చి ఆయన బల్ల మీద పెట్టాను. పాత హార్డ్‌డిస్క్ బాగానే ఉంది. ఫైళ్లన్నీ కొత్తదానిలోకి వచ్చేశాయి. పని అయిపోయిందనుకున్నాను.

ఆయన తెలుగు పండితులుగా పదవీ విరమణ చేశారు. చాలా ఏళ్లుగా ఆడవాళ్ల పాటలు సేకరిస్తున్నారు: దంపుడు పాటలు, నలుగు పాటలు, అప్పగింతల పాటలు, ఊయల పాటలు. పాడినవారి ఉత్తరాలు ‘లేఖలు’ ఫోల్డర్‌లో, టైపు చేసినవి ‘పాటలు’లో, దిద్దవలసినవి ‘తప్పొప్పులు’లో, చివరి ప్రతులు ‘అచ్చు’లో ఉంటాయి. నాలుగూ తెరిచి పెట్టుకుని, ఒకదాని నుంచి మరొకదానిలోకి ఫైళ్లు లాగుతూ పని చేస్తారు.

ఈ రోజు మధ్యాహ్నం పిలిచారు. “అమ్మాయ్, ఏ ఫోల్డర్ తెరిచినా ఒక్కచోటే వచ్చి పడుతోంది. నా లేఖలు కుడి పక్కన పైన ఉండాలి. వాటిని అక్కడికి జరిపి మూస్తే, ఇప్పుడు పాటలు కూడా అక్కడే తెరుచుకుంటున్నాయి.”

వంటింట్లోంచి అమ్మ అంది: “పోపులపెట్టెలో గిన్నెలు ఎవరో అటూ ఇటూ మార్చినట్టుంది ఆయనకు.”

అమ్మ మాట సరిగ్గా సరిపోయింది. ఆవాలు ఏ గిన్నెలో ఉన్నాయో చేతికి తెలుసు, కన్ను చూడనక్కర్లేదు. నాన్నగారు ఫోల్డర్ పేరు చదివి వెతకరు. చెయ్యి అటు వెళుతుంది, అంతే. కంటి శుక్లాల ఆపరేషన్ తరువాత ఆ అలవాటు ఇంకా బలపడింది. ఇది కొత్త కంప్యూటర్‌కు అలవాటు పడితే తీరిపోయే సంగతి కాదని నాకు అప్పుడే అనిపించింది.

ఆగస్టు 3

ముందు అసలు తేడా ఎక్కడుందో చూశాను. ఎక్స్‌పీ ప్రతి ఫోల్డర్ విండోకూ దాని చోటునూ కొలతలనూ విడివిడిగా గుర్తుపెట్టుకునేది. విండోస్ 7 నుంచి ఈ పద్ధతి మారింది. ఇప్పుడు ఏ ఫోల్డర్‌లో ఐకాన్లు ఎంత పెద్దవి, ఏ వరుసలో ఉండాలి అన్నవి మాత్రం ఫోల్డర్‌కు విడిగా గుర్తుంటాయి. విండో చోటు మాత్రం అన్నిటికీ కలిపి ఒక్కటే, ఆఖరున మూసిన విండో ఎక్కడుంటే అక్కడ.

ఫోల్డర్ ఆప్షన్లలో రెండు మార్పులు చేశాను. ఒకటి, ప్రతి ఫోల్డర్ సొంత విండోలో తెరుచుకోవాలన్నది. ఇది నాన్నగారికి తప్పనిసరి. ఒకే విండోలో పాటల నుంచి లేఖలకు వెళితే, ఆ విండో చోటు ఎవరిదని చెప్పాలి? రెండోది, లాగిన్ అయినప్పుడు కిందటిసారి తెరిచి ఉన్న ఫోల్డర్ విండోలను మళ్లీ తెరవమన్నది. ఇది ఆఫ్ చేసేటప్పుడు తెరిచి ఉన్నవాటికి పనికొస్తుంది, మధ్యలో మూసి మళ్లీ తెరిచినవాటికి పనికిరాదు. పెట్టి ఉంచాను.

రాత్రి కాస్త చదివాను. ఈ కోరిక కొత్తది కాదు. అమీగా కంప్యూటర్లలో విండోను నచ్చినచోట పెట్టి మెనూలో ‘స్నాప్‌షాట్’ అంటే ఆ చోటు ఫోల్డర్ ఐకాన్ ఫైల్లో నమోదయ్యేది. పాత మ్యాకింటాష్‌లో మొదటి నుంచీ ఫోల్డర్ అంటే దాని విండోయే, ఒకదానికొకటి విడదీయరానివిగా ఉండేవి. లినక్స్ మీద నడిచే గ్నోమ్ 2004లో 2.6 వెర్షన్‌తో ఇదే పద్ధతికి మారి, 2010లో మానుకుంది. వస్తువు ఉన్నచోటే దాని పేరు అనుకునేవాళ్లు నాన్నగారి వంటివాళ్లు ఎందరో ఉన్నారన్నమాట.

ఆగస్టు 9

ఈ వారమంతా ఒకే ఆలోచన. పాత చోట్లు పాత హార్డ్‌డిస్క్‌లోనే ఎక్కడో ఉండాలి కదా! నాన్నగారిని అడిగి ఒక్కొక్కటీ మళ్లీ సర్దించే బదులు వాటినే తవ్వి తీస్తే?

డిస్క్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో నా లాప్‌టాప్‌కు తగిలించాను. ఎక్స్‌పీలో ఒక వాడుకరి సెట్టింగులు దాదాపు అన్నీ ఆ వాడుకరి ఫోల్డర్‌లో ఎన్‌టీయూజర్ అనే ఒక్క ఫైలులో ఉంటాయి. దానికి ముందు కాపీ తీసుకున్నాను (పాత డిస్క్ మీద నేరుగా ఏ పనీ చేయకూడదు, ఈ ఒక్క నియమం ఎవరైనా పాటించాలి). విండోస్ సెట్టింగుల చెట్టును చూపే రిజిస్ట్రీ ఎడిటర్‌లో హెచ్‌కీ యూజర్స్ అనే కొమ్మ మీద నిలబడి ‘లోడ్ హైవ్’ (బయటి సెట్టింగుల ఫైలును తెచ్చి కలపడం) అంటే ఆ కాపీ ఒక కొమ్మలా వచ్చి చేరింది. హెచ్‌కీ యూజర్స్, హెచ్‌కీ లోకల్ మెషీన్ తప్ప వేరే కొమ్మ మీద నిలబడితే ఆ మెనూ వెలగదు, దీనికే పది నిమిషాలు పోయాయి.

లోపల షెల్‌నోరోమ్ అనే చోట రెండు శాఖలున్నాయి. బ్యాగ్‌ఎంఆర్‌యూ అన్నది ఫోల్డర్ల చెట్టు: 0, 1, 2 అని అంకెలే పేర్లుగా ఉన్న కొమ్మలు. ఏ అంకె ఏ ఫోల్డరో పైకొమ్మలో బైనరీ రూపంలో ఉంటుంది. ప్రతి కొమ్మలోనూ నోడ్‌స్లాట్ అని ఒక సంఖ్య. ఆ సంఖ్య పట్టుకుని రెండో శాఖ బ్యాగ్స్‌లోకి వెళితే, అదే సంఖ్య పేరుతో ఉన్న సంచిలో ఆ ఫోల్డర్ విండో సంగతులన్నీ ఉంటాయి.

బైనరీలో తెలుగు పేర్లను ఎలా పోల్చుకోవాలి? ఇది నాకు ఎంతో నచ్చిన ఘట్టం. అన్ని లిపుల అక్షరాలకూ సంకేతాలిచ్చే యూనికోడ్ పట్టికలో తెలుగు అక్షరాలకు కేటాయించిన సంకేతాలన్నీ ‘సున్నా సి’ అనే జంటతోనే మొదలవుతాయి. విండోస్ వాటిని తిరగేసి, రెండో సగం ముందు పెట్టి రాస్తుంది. కాబట్టి బైట్ల వరుసలో ఒకటి విడిచి ఒకటి ‘సున్నా సి’, ‘సున్నా సి’, ‘సున్నా సి’ అని తాళం వేసినట్టు కనిపిస్తే అక్కడ తెలుగు పేరు ఉన్నట్టే. ‘ప’ సంకేతంలో మిగతా సగాన్ని రిజిస్ట్రీ ఎడిటర్‌లో కుడివైపు గడి నక్షత్రం గుర్తుగా చూపిస్తుంది. నక్షత్రం, చుక్క, ఆ తరువాత మరికొన్ని గుర్తులు, ఐదు ‘సున్నా సి’లు. ప, దీర్ఘం, ట, ల, కొమ్ము. పాటలు! దాని నోడ్‌స్లాట్ 47. బ్యాగ్స్‌లో 47 తెరిచాను. విన్‌పాస్ అన్న మాట, దాని పక్కన 1024, 768 అని ఆ నాటి స్క్రీన్ కొలతలు, ఆ తరువాత ఎడమ, పై, కుడి, కింది హద్దులు నాలుగు.

నాన్నగారిని పిలిచి చూపించాను. ఆ అంకెల్లో ఆయనకు ఏమీ కనిపించలేదు కానీ, కాగితం మీద దీర్ఘచతురస్రాలుగా గీసి చూపిస్తే వేలితో ఒక్కొక్కటీ తాకి పేర్లు చెప్పారు. “ఇది లేఖలు, ఇది అచ్చు.” నేను పేర్లు ఇంకా రాయలేదు.

పని అయ్యాక హైవ్‌ను అన్‌లోడ్ చేశాను. మరిచిపోతే ఆ ఫైలు పట్టు వదలదు.

ఆగస్టు 10

పాత స్క్రీన్ 1024×768, కొత్తది 1920×1080. అడ్డం 1.875 రెట్లు, నిలువు సుమారు 1.4 రెట్లు పెరిగింది. మొదట దేనికి దాన్నే గుణించి చూశాను. విండోలన్నీ అడ్డంగా సాగి, నొక్కేసినట్టు తయారయ్యాయి. నాన్నగారు చూసి “ఇవి నావి కావు” అన్నారు.

అప్పుడు ఆలోచించాల్సింది కొలతల గురించి కాదు, ఆయన చెయ్యి దేన్ని ఆధారం చేసుకుని వెళుతుందన్నదాని గురించి. లేఖలను ఆయన “కుడి పక్కన పైన” అన్నారు, ఎడమ అంచు నుంచి ఎంత దూరమో చెప్పలేదు. అంటే ప్రతి విండోనూ దానికి దగ్గరగా ఉన్న అంచు నుంచి కొలవాలి. లేఖల విండో పాత స్క్రీన్‌లో ఎడమ 612, కుడి 1012. కుడి అంచుకు 12 పిక్సెళ్ల దూరం, వెడల్పు 400. రెండింటినీ 1.4తో గుణిస్తే దూరం సుమారు 17, వెడల్పు 560. 1920 నుంచి ఆ రెండూ తీసేస్తే కొత్త ఎడమ హద్దు 1343. విండో ఆకారం మారలేదు, మూల మారలేదు. మధ్యలో ఖాళీ మాత్రం పెరిగింది, అది ఆయనకు సమ్మతమే. కొత్త ఫోల్డర్లకు చోటు దొరికిందన్నారు.

విండోస్ 10లో విండో చుట్టూ కంటికి కనిపించని సన్నని అంచు ఉంటుంది. దానివల్ల ఎడమ 0 అని పెట్టినా కొద్దిగా సందు మిగిలింది. వదిలేశాను. ఆయనే ఒకసారి జరుపుకుంటారు.

ఆగస్టు 15

సెలవు రోజు. స్క్రిప్టు మొదలుపెట్టాను. నా బదులు విండోలను జరిపే చిన్న ప్రోగ్రామన్నమాట. అందుకు వాడింది ఆటోహాట్‌కీ అనే సాధనం, రెండో వెర్షన్.

పని సులభంగానే అనిపించింది. ఎక్స్‌ప్లోరర్ విండోలన్నిటికీ ఒకే తరగతి పేరు, క్యాబినెట్‌డబ్ల్యూక్లాస్. క్యాబినెట్ అంటే బీరువా. నాన్నగారు ఫోల్డర్లను ‘అరలు’ అని ఎందుకంటారో, ఆ పేరు పెట్టినవారికి కూడా అదే తోచి ఉండాలి. షెల్ అప్లికేషన్ అనే వస్తువును అడిగితే తెరిచి ఉన్న ప్రతి విండోలో ఏ ఫోల్డర్ ఉందో చెబుతుంది. సెకనుకోసారి అన్నిటి చోట్లూ రాసుకుంటూ పోవడం, ఒక విండో మాయమైతే ఆఖరున రాసుకున్నదే అది మూసిన చోటు. కొత్త విండో వస్తే, ఆ ఫోల్డర్‌కు చోటు రాసి ఉంటే అక్కడికి జరపడం. పాత డిస్క్ నుంచి తీసిన చోట్లను మొదటి విలువలుగా స్క్రిప్టులోనే రాసేశాను.

మధ్యలో ‘ఈ కంప్యూటర్’ విండో ఒకటి ఇబ్బంది పెట్టింది. అది నిజమైన ఫోల్డర్ కాదు కనుక దానికి చిరునామా ఖాళీగా వస్తోంది. చిరునామాకు బదులు ఫోల్డర్ సొంత మార్గం అడిగితే, రెండు కోలన్లతో మొదలయ్యే ఒక పొడవాటి సంకేతం ఇచ్చింది. అదైనా సరే, ప్రతిసారీ అదే వస్తుంది కాబట్టి గుర్తుగా చాలు.

సాయంత్రానికి నాలుగు అరలూ నాలుగు చోట్ల తెరుచుకున్నాయి. నాన్నగారు మూసి తెరిచి, మూసి తెరిచి చూసుకున్నారు.

ఆగస్టు 17

ఉదయం ఏడింటికి నాన్నగారు నా గది తలుపు కొట్టారు. “లేఖలు పోయాయి, అమ్మాయ్.” గొంతు వణుకుతోంది. ఆ ఫోల్డర్‌లో ఉన్న ఉత్తరాలు రాసినవాళ్లలో కొందరు ఇప్పుడు లేరు.

ఫైళ్లు ఎక్కడికీ పోలేదు. టాస్క్‌బార్‌లో లేఖల విండో పేరు ఉంది, నొక్కితే స్క్రీన్ మీద ఏమీ రావడం లేదు. ఆల్ట్, స్పేస్ కలిపి నొక్కి, ఎం నొక్కి, ఒక బాణం మీట నొక్కి మౌస్ కదిపితే విండో వచ్చి మౌస్‌కు అతుక్కుంది. ముందు ఆయనకు అది చూపించి, కూర్చోబెట్టి, మంచినీళ్లు ఇచ్చాను.

కారణం నాదే. నాన్నగారు విండోను మినిమైజ్ చేసి, ఆ తరువాత టాస్క్‌బార్ మీద నుంచే మూసేస్తారు. మినిమైజ్ చేసిన విండోను విండోస్ స్క్రీన్‌కు ఎంతో దూరంగా, అడ్డం −32000, నిలువు −32000 అనే చోట పెడుతుంది. నా స్క్రిప్టు దాన్నే మూసిన చోటుగా రాసుకుంది, మళ్లీ తెరిచినప్పుడు భక్తిగా అక్కడికే పంపింది.

చోటు తెలుసుకోవడానికి గెట్‌విండోప్లేస్‌మెంట్ అనే పిలుపు (స్క్రిప్టు విండోస్‌ను అడిగే ఆదేశం) వాడాలి. విండో మినిమైజ్ అయినా, స్క్రీనంతా పరుచుకుని ఉన్నా, అది మామూలుగా ఉంటే ఎక్కడ ఉంటుందో ఆ చోటును అది చెబుతుంది. మార్చాను. పరీక్షించేటప్పుడు మినిమైజ్ చేసి మూయడం నాకెందుకు తోచలేదో! ఇకమీదట ఏ మార్పు చేసినా నాన్నగారి పక్కన కూర్చుని, ఆయన చేతి పద్ధతి చూశాకే పెడతాను.

ఆగస్టు 19

కొత్త వింత. విండోలు పైకి పాకుతున్నాయి. లేఖలు మూసి తెరిస్తే కొంచెం పైకి, మళ్లీ మూసి తెరిస్తే ఇంకొంచెం పైకి. ఐదోసారికి టైటిల్ పట్టీ టాస్క్‌బార్ వెనక్కి వెళ్లిపోయింది, పట్టుకుని లాగడానికి ఏమీ మిగల్లేదు.

స్క్రీన్ మీద కొలిచాను. ప్రతిసారీ కచ్చితంగా 50 పిక్సెళ్లు. అడ్డంగా ఒక్క పిక్సెల్ కూడా కదలలేదు. 50 ఎందుకు? నాన్నగారి టాస్క్‌బార్ స్క్రీన్ పైభాగాన ఉంటుంది, పాత కంప్యూటర్‌లోనూ అక్కడే. విండోస్ 10లో టాస్క్‌బార్ మందం 40 పిక్సెళ్లు. అక్షరాలు పెద్దగా కనిపించాలని 125 శాతం పెట్టాను కనుక 50. అక్కడ తాళం విడిపోయింది.

గెట్‌విండోప్లేస్‌మెంట్ ఇచ్చే అంకెలు స్క్రీన్ మూల నుంచి కొలిచినవి కావు. టాస్క్‌బార్ తీసేయగా మిగిలిన పనిస్థలం మూల నుంచి కొలిచినవి. నేను వాటిని తీసుకుని, స్క్రీన్ మూల నుంచి కొలిచే మరో పిలుపుతో విండోను జరుపుతున్నాను. గజంతో కొలిచి మీటరుతో కోసినట్టు. టాస్క్‌బార్ కింద ఉన్న నా లాప్‌టాప్‌లో రెండు మూలలూ ఒకటే, అందుకే నాకు కనిపించలేదు.

చదివినచోటే రాయాలి. జరపడానికి కూడా సెట్‌విండోప్లేస్‌మెంట్ వాడితే సరిపోయింది. ఇరవైసార్లు మూసి తెరిచాను, ఒక్క పిక్సెల్ కదలలేదు. దీనితో మరో మేలు జరిగింది: ఇచ్చిన చోటు పూర్తిగా స్క్రీన్ బయట పడితే సెట్‌విండోప్లేస్‌మెంట్ తానే విండోను కనిపించేచోటికి తెస్తుంది. రెండో స్క్రీన్ తగిలించి, విండోను అక్కడ మూసి, ఆ స్క్రీన్ పీకేసి చూశాను. విండో మొదటి స్క్రీన్ మీదికి వచ్చింది.

ఆగస్టు 23

చోట్లు కంప్యూటర్ ఆఫ్ చేసినా మిగలాలని నిన్న ఒక టెక్స్ట్ ఫైలులో దాచడం మొదలుపెట్టాను. ఈ రోజు ఉదయం చూస్తే, ఇంగ్లీషు అక్షరాల్లో పేరున్న స్కాన్ల ఫోల్డర్ ఒక్కటే నిన్న పెట్టినచోట తెరుచుకుంది. తెలుగు పేర్లున్నవన్నీ ఎక్స్‌పీ నాటి మొదటి చోట్లకు వెళ్లిపోయాయి. నిన్న సాయంత్రం దాకా అన్నీ చక్కగా ఉన్నాయి.

దాచిన ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచాను. ‘పాటలు’ ఉండవలసినచోట ఐదు ప్రశ్నార్థకాలు. దాని కింద ‘లేఖలు’, అదీ ఐదే.

ఆటోహాట్‌కీ ఫైలు రాసేటప్పుడు వేరే ఏమీ చెప్పకపోతే విండోస్ పాత కోడ్‌పేజీని, అంటే కొన్ని లిపులకే సరిపోయే చిన్న అక్షరాల పట్టికను వాడుతుంది. యూనికోడ్‌కు ముందరి ఆ కోడ్‌పేజీల్లో తెలుగుకు చోటు లేదు. విండోస్‌లో తెలుగు మొదటి నుంచీ యూనికోడ్‌గానే వచ్చింది. కాబట్టి రాయడం చేతకాని ప్రతి అక్షరానికీ ఒక ప్రశ్నార్థకం. కంప్యూటర్ ఆన్‌లో ఉన్నంతసేపూ పేర్లు మెమరీలో సరిగ్గానే ఉన్నాయి, అందుకే పగలంతా పని చేసింది. ఆఫ్ చేసి తెరిచాక ఐదు ప్రశ్నార్థకాల పేరున్న ఫోల్డర్ కోసం చోటు సిద్ధంగా ఉంది, పాటలకు లేదు.

స్క్రిప్టు మొదట్లో ఫైళ్లన్నీ యూటీఎఫ్-8 (యూనికోడ్‌ను ఫైలులో రాసే పద్ధతి) అని ఒక్క వరుస చేర్చాను. అంతే. తెలుగులో పేర్లు పెట్టుకునేవాళ్లు ఎవరైనా స్క్రిప్టు రాస్తే ఆ వరుసను అన్నిటికంటే ముందు రాయండి. ‘ఫోల్డర్ పేర్లు ఇంగ్లీషులో పెట్టుకుంటే పోలేదా’ అనే సలహా నేను ఒప్పుకోను. అప్పగింతల పాటలకు ఆ పేరే ఉండాలి.

ఆగస్టు 24

విండో ముందు ఎక్కడో కనిపించి, సెకను తరువాత తన చోటికి దూకుతోంది. ఆ లోపు నాన్నగారు మౌస్ పెట్టేస్తున్నారు, కింద నుంచి విండో జారిపోతోంది. సెకనుకోసారి చూడటం మాని, కొత్త విండో పుట్టగానే విండోస్ కబురు పంపే షెల్ హుక్‌కు మారాను. కబురు వచ్చేసరికి ఫోల్డర్ పేరు ఇంకా సిద్ధంగా ఉండదు, అందుకని అందేదాకా 20 మిల్లీసెకన్లకోసారి అడుగుతుంది. ఇప్పుడు దూకడం రెప్పపాటులో అయిపోతోంది. జరిపేదాకా విండోను కనిపించకుండా ఉంచే ప్రయత్నం చేసి వదులుకున్నాను. ఎప్పుడైనా పేరు అందకపోతే విండో కనిపించకుండానే ఉండిపోతుంది. పదిహేడో తేదీ ఉదయం నాన్నగారి ముఖం నాకు ఇంకా గుర్తుంది.

ఆగస్టు 30

వారం రోజులు ఏ ఫిర్యాదూ లేదు. చోట్ల ఫైలులో ఇప్పుడు 23 వరుసలున్నాయి. మధ్యలో మిగిలిన ఖాళీలో ఆయన ‘ఊయల’ అని కొత్త ఫోల్డర్ పెట్టుకున్నారు.

ఈ రోజు ‘పాటలు’ ఫోల్డర్ పేరును ‘పెళ్లి పాటలు’గా మార్చారు. పేరు మారగానే చోటు పోయింది, ఎందుకంటే నేను గుర్తుగా పెట్టుకున్నది ఫోల్డర్ మార్గాన్ని. “పేరే కదా మార్చాను, అర అదే కదా” అన్నారు. నిజమే.

ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ డిస్క్‌లో ఫైళ్లను సర్దే పద్ధతి) డిస్క్‌లో ప్రతి ఫోల్డర్‌కూ లోపల ఒక సంఖ్య ఉంటుంది. ఎఫ్‌ఎస్‌యుటిల్ అనే ఆదేశంతో దాన్ని అడగవచ్చు. ‘ఊయల’ ఫోల్డర్ సంఖ్య రాసుకుని, పేరు మార్చి మళ్లీ అడిగాను. అదే సంఖ్య. మరో ఫోల్డర్ లోపలికి జరిపి అడిగాను. అప్పుడూ అదే. పేరు తిరిగి ‘ఊయల’గా మార్చి, దాని చోటికి తెచ్చిపెట్టాను. వచ్చే ఆదివారం మార్గం బదులు ఈ సంఖ్యను గుర్తుగా పెట్టి, ఉన్న 23 వరుసలనూ దానికి మార్చాలి. వేరే డిస్క్‌కు కాపీ చేస్తే సంఖ్య మారిపోతుంది, కాబట్టి మార్గాన్ని కూడా పక్కన ఉంచుతాను.